పురుగుల పెట్టెలో మిత్రులకూ చోటివ్వాలి

బీఎస్సీ అగ్రికల్చర్ చదివేవాళ్లం పురుగులు పట్టి, సూది గుచ్చి, పెట్టెలో అమర్చి మార్కులు తెచ్చుకుంటాం. ఆ పని నాకెంతో ఇష్టం. పెంకు పురుగుకైతే కుడి రెక్క పెంకు మీదే సూది గుచ్చాలి. పట్టిన ఊరు, తేదీ, పంట చీటీ మీద రాయాలి. చీటీ లేని పురుగు శాస్త్రానికి పనికిరాదని మా మేడమ్ అనేవారు.

కానీ ఆ పెట్టెల్లో చోటంతా సీతాకోకచిలుకలది, లావుపాటి పెంకు పురుగులది. పంటను కాసేవి కనిపించవు. ట్రైకోగ్రామా అనే కందిరీగ మిల్లీమీటరు కూడా ఉండదు. వరిలో కాండం తొలుచు పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి, పురుగు పుట్టకుండానే ఆపేస్తుంది. మిరిడ్ నల్లి సుడిదోమ గుడ్లనూ పిల్లలనూ పీల్చి చంపుతుంది. పచ్చగా ఉంటుంది కాబట్టి దాన్ని పచ్చదోమ అనుకుని మందు కొట్టే రైతులున్నారు.

సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే ఈ మిరిడ్లు, సాలీళ్లు చచ్చి సుడిదోమ మరింత చెలరేగుతుందని పుస్తకంలో చదివి పరీక్షలో రాశాం. దాని అర్థం నాకు చివరి ఏడాది రావెప్ (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం)లో పల్లెకు వెళ్లాకే తెలిసింది. "ఏ మందు కొట్టాలో రాసివ్వమ్మా" అని ఒక రైతు అడిగారు. "ముందు దుబ్బులు చూద్దాం బాబాయ్" అన్నాను. మడి ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తూ దుబ్బుల మొదళ్లు విడదీసి దోమలనూ, సాలీళ్లనూ, మిరిడ్లనూ లెక్కపెట్టాం. దోమ నష్ట పరిమితికి లోపే ఉంది. నీళ్లు తీసి, కాలిబాటలు సరిచేసి, ఆ వారం ఆయన మందు కొట్టలేదు.

ఈ లెక్క చివరి ఏడాది పల్లెలో కాదు, మొదటి ప్రాక్టికల్‌లోనే నేర్పాలి. మన మొక్కజొన్న మీదికి కత్తెర పురుగు 2018లో వచ్చింది. మిర్చి పూతలో నల్ల తామర పురుగు 2021లో విరుచుకుపడింది. రేపు వచ్చేది ఏ పాఠంలోనూ ఉండకపోవచ్చు. పొలంలో ఏది మామూలో, ఏది కొత్తో కనిపెట్టే చూపు ఉన్నవాళ్లే దాన్ని ముందుగా గుర్తిస్తారు.

విద్యార్థులు ఎక్కువ, సెమిస్టర్ చిన్నది అంటారు. నిజమే. కానీ వ్యవసాయ కళాశాలకు సొంత పొలం ఉంటుంది. అందులో ఒక మడిని మందు కొట్టకుండా వదిలి, వారం వారం మా చేత లెక్క రాయించండి. పెట్టెలో సగం చోటు మిత్ర పురుగులకు కేటాయించండి. ప్రాక్టికల్ పరీక్ష గట్టు మీద పెట్టి, ఈ మడికి ఈ వారం మందు కావాలో వద్దో కారణంతో చెప్పమనండి. డిగ్రీ చేతికొచ్చాక రైతు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న అదే.