ఇంజను మెదడుకు తాళం ఎవరిది?

మా దేవనకొండలో బండి బాగుచేయడమంటే ఒకప్పుడు చెవితో చేసే పని. కర్నూలు-బళ్ళారి దారి పక్కన చెట్టుకింద మెకానిక్కు అంబాసిడరు బానెట్టు ఎత్తి, ఇంజను నడుస్తుండగానే కార్బ్యురేటరు మరను పావుచుట్టు అటో ఇటో తిప్పి, చెవి ఒగ్గి విని, "ఇంక పోండి" అనేవాడు. గాలీ పెట్రోలూ ఏ పాళ్ళలో కలవాలో అతనికి ఏ పుస్తకమూ చెప్పలేదు. మర అందరికీ కనబడేది, స్క్రూడ్రైవరు అందరికీ దొరికేది. అంతే.

ఇప్పుడా మర లేదు. దాని స్థానంలో ఒక చిన్న కంప్యూటరు ఉన్నది. అందులో ఎక్కాల పుస్తకం వంటి పట్టిక ఉంటుంది. ఇంజను ఎంత వేగంతో తిరుగుతున్నది, దానిమీద ఎంత భారమున్నది అన్న రెండు లెక్కలు కలిసే ప్రతి గడిలోనూ ఎంత పెట్రోలు చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టించాలో రాసి ఉంటుంది. మరకన్నా ఇది ఎన్నో రెట్లు మేలైనదే; నాకు అందులో సందేహం లేదు. నా జగడం పట్టికతో కాదు, దానికి వేసిన తాళంతో.

నాన్నగారి ఎడమ మోకాలికి శస్త్రచికిత్స అయిన తరువాత, క్లచ్చి తొక్కనక్కరలేని బండి కావాలని 2008 నాటి ఆటోమేటిక్ కారొకటి కొన్నాము. ఏళ్ళ తరబడి ఏ చిక్కూ పెట్టలేదు. ఈమధ్య ఉదయం పూట మొదలవడానికి దగ్గుతున్నది. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు ఏదో తేల్చుకోలేక పైకీ కిందికీ ఊగుతున్నది. నగరంలోని ఒక సర్వీసు కేంద్రంలో చూపిస్తే, "పాత బండి కదా, అమ్మేయండి" అన్నారు. ఎమ్మిగనూరులో నాకు తెలిసిన మెకానిక్కు మాత్రం రెండు రోజులు కూర్చున్నాడు. గాలి లీకు లేదు, పంపు ఒత్తిడి సరిగానే ఉంది, ప్లగ్గులు కొత్తవి. స్కానరు తగిలించి చూస్తే, పట్టికలో రాసినదానికన్నా పెట్రోలు ఎక్కువ పోయడానికి కంప్యూటరు నిరంతరం తంటాలు పడుతున్నది. "రోగం దొరికిందన్నా. మందూ తెల్సు. ఈ డబ్బా నన్ను లోపలికి రానీదు, ఏం జేయల్ల?" అన్నాడు.

రోగం ఏమిటో ఇంధనాన్ని చూస్తే అర్థమవుతుంది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాలు ఇరవై శాతానికి చేరింది. ఒక కిలో శుద్ధ పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాలుకు తొమ్మిదే చాలు. ఇరవై శాతం కలిపితే ఆ లెక్క పదమూడున్నర దగ్గరకు దిగుతుంది. అంటే అంతే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు చెప్పినంతమేర కంప్యూటరు సర్దుకుంటుంది. కానీ చల్లటి ఇంజను మొదలయ్యేటప్పుడూ, పెడలు పూర్తిగా తొక్కినప్పుడూ అది సెన్సరు మాట వినదు, పాత పట్టికనే నమ్ముతుంది. సరిగ్గా అక్కడే మా కారు తడబడుతున్నది. బలం చాలక మనం పెడలు ఇంకొంచెం తొక్కుతాము. ఆ తొక్కుడూ బండి వేగమూ చూసి గేరు నిర్ణయించే పాత గేరుబాక్సు కింది గేరుకు దూకుతుంది.

ఇది నా ఊహాగానం మాత్రమే కాదు. నీతి ఆయోగ్ 2021 జూన్‌లో విడుదల చేసిన ఇథనాలు ప్రణాళికలోనే, పది శాతానికి సర్దిన కార్లలో ఈ ఇంధనం వాడితే ఆరేడు శాతం మైలేజీ తగ్గవచ్చునని ఉన్నది. ఇంజను భాగాలలోనూ ట్యూనింగులోనూ మార్పులు చేస్తే ఆ నష్టం తగ్గించవచ్చుననీ ఉన్నది. మరి పాత కార్ల ట్యూనింగు ఎవరు మార్చాలి? తాళంచెవి కంపెనీది. కంపెనీకి కొత్త కారు అమ్ముకోవడమే లాభం. ఇంధనం మార్చినప్పుడు నన్ను అడగలేదు, పట్టిక మార్చుకుంటానంటే నన్ను రానివ్వరు. ఇదెక్కడి న్యాయం?

తాళం తీస్తే కాలుష్యం పెరుగుతుందని ఒక వాదం. మిత్రులారా, 2015లో బయటపడిన ఫోక్స్‌వాగన్ మోసం గుర్తున్నదా? పరీక్ష జరుగుతున్నదని పసిగట్టి అప్పుడు మాత్రమే శుభ్రంగా నడిచే సాఫ్టువేరు, ప్రపంచవ్యాప్తంగా కోటికి పైగా కార్లలో ఉన్నదని తేలింది. అది రాసింది ఏ చెట్టుకింది మెకానిక్కూ కాదు. ఆ తాళం వెనుకనే, తాళం వేసినవారే రాశారు.

రెండవ వాదంలో కొంత నిజమున్నది. తాళం పగలగొట్టి, "ముప్పై శాతం బలం పెంచుతాం" అంటూ ఎవరి కారుకో చేసిన ఫైలును అందరి కార్లలోకీ ఎక్కించేవారున్నారు. నాకూ ఒకాయన ఫోనులో బేరం పెట్టాడు. పాత ఆటోమేటిక్‌కు అది విషం. గేరు మారే క్షణంలో ఇంజను బలం కాస్త తగ్గించమని గేరుబాక్సు అడుగుతుంది. ఎంత బలం వస్తుందో అంచనా వేసుకుని లోపలి క్లచ్చి పలకలను నూనె ఒత్తిడితో బిగిస్తుంది. దానికి చెప్పకుండా బలం పెంచితే ఆ పట్టు చాలదు. పలకలు జారతాయి, నూనె మాడుతుంది, గేరుబాక్సు పోతుంది. అందుకే వద్దన్నాను. కానీ ఆ బేరగాడు బతుకుతున్నది దేనివల్ల? తాళం వల్లనే. పట్టిక బహిరంగంగా ఉంటే మా ఎమ్మిగనూరు మెకానిక్కు కొలిచి చూసి, కావలసిన నాలుగు గడులే సర్దేవాడు. తాళం దొంగను ఆపలేదు. నిజాయితీపరుణ్ణి మాత్రమే ఆపింది.

అడగడం కొత్తేమీ కాదు. విడిభాగాలనూ పరీక్షా పరికరాలనూ బయటి మెకానిక్కులకు అందనివ్వడంలేదని 2014 ఆగస్టులో మన కాంపిటీషన్ కమిషనే 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్ళకు పోయాయి. సొంత వాహనపు సాఫ్టువేరును బాగుచేసుకోవడం నేరం కాదని అమెరికాలో 2015లో మినహాయింపు ఇచ్చారు.

ఈ సంగతి మనకు చెప్పనక్కరలేదు. ఒక్కో పత్రికకు ఒక్కో ఖతి ఉండి, ఒకరి తెలుగు మరొకరి కంప్యూటరులో చెత్తగా కనబడిన రోజులు మనమెరుగుదుము. మన అక్షరాలకే తాళం వేశారని మండిపడి యూనికోడుకు వచ్చినవాళ్ళం. మన ఇంట్లో నిలబెట్టిన బండి విషయంలో మాత్రం నోరు మెదపమెందుకు?

నేనడిగేది ఇంతే. ఇంధనం మారింది గనుక పాత మోడళ్ళకు సరిదిద్దిన పట్టికను కంపెనీలే ఇవ్వాలి. ఇవ్వకపోతే పట్టికనూ దాన్ని మార్చే పరికరాన్నీ న్యాయమైన ధరకు మెకానిక్కులకు అమ్మాలి. మార్చిన బండి పొగను కొలిచి చూడాలి, తప్పితే జరిమానా వేయాలి. కొలతకు నేను భయపడను. కొలవనివ్వనివారినే అనుమానిస్తాను.

మా కారు ఇంకా పొద్దున్నే దగ్గుతున్నది. నాన్నగారు ఇంజను వేడెక్కేదాకా అరుగుమీద కూర్చుని చూస్తుంటారు. మందు తెలిసిన మనిషి ఎమ్మిగనూరులో ఉన్నాడు.