నిరాటంక రిజిస్ట్రేషన్ సేవలకు క్లస్టర్ సర్వర్లు - కౌంటరు వరకు చేరినప్పుడే ఫలితం

మచ్చ బొల్లారం (మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా): ఇల్లుగానీ, పొలంగానీ కొనుగోలు చేసే సామాన్య కుటుంబం ఎన్నో ఏళ్ల పొదుపును ఒక్క రోజున, ఒక్క దస్తావేజుపై వెచ్చిస్తుంది. స్లాటు లభించి, స్టాంపు డ్యూటీ చెల్లించి, సాక్షులతో సహా కార్యాలయానికి చేరిన తరువాత సర్వర్ పనిచేయకపోతే ఆ రోజు వృథా అవుతుంది. ఒప్పందపు గడువు అదే రోజుతో ముగిసేదైతే బయానా సొమ్ముకు సైతం ముప్పు ఏర్పడుతుంది. అందువల్ల సర్వర్ల లభ్యత కేవలం సాంకేతిక సిబ్బందికి సంబంధించిన అంశం కాదు. అది ప్రజల ఆస్తి హక్కుతో ముడిపడిన పరిపాలనా అంశం.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ఇందుకు తగిన ఉదాహరణ. 2007లో అల్వాల్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనమైనప్పుడు మచ్చ బొల్లారం మహానగరంలో భాగమైంది. ఇక్కడ ఇళ్లు, ఫ్లాట్ల రిజిస్ట్రేషన్లు ప్రధానం కాగా, మరికొంత ఉత్తరాన శామీర్‌పేట వైపు వ్యవసాయ భూములున్నాయి. ఆ వైపునే ఉన్న మూడుచింతలపల్లిలో 2020 అక్టోబరు 29న అప్పటి ముఖ్యమంత్రి శ్రీ కె.చంద్రశేఖర్ రావు ధరణి పోర్టల్‌ను ప్రారంభించారు. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహసీల్దారు కార్యాలయంలో ఒకేసారి పూర్తయ్యే విధానం దానితో అమలులోకి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూ భారతి ప్రారంభమైంది.

ఈ మార్పు ప్రాధాన్యాన్ని గ్రహించడానికి కొంత వెనుకకు వెళ్లవలసి ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరు 4న 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో కార్డ్ పథకం ప్రారంభమైనప్పుడు ఏ కార్యాలయపు సర్వర్ ఆ కార్యాలయంలోనే ఉండేది. ఒకచోట యంత్రం చెడితే అక్కడి పని మాత్రమే ఆగేది. కేంద్రీకృత విధానంలో రికార్డులన్నీ ఒకేచోట ఉండటం వల్ల పర్యవేక్షణ, పారదర్శకత పెరుగుతాయి. అదే సమయంలో ఒక్క లోపంతో అన్ని మండలాల్లోనూ పని నిలిచిపోయే అవకాశం ఏర్పడుతుంది. క్లస్టర్ విధానం ఆవశ్యకత ఇక్కడే ఉంది.

క్లస్టర్‌లో రెండు లేదా అంతకు మించిన సర్వర్లు ఒకే సేవకు బాధ్యత వహిస్తాయి. క్షణక్షణం ఒకదానికొకటి సంకేతాలు పంపుకుంటాయి. ఒకదాని నుంచి సంకేతం నిలిచిపోతే రెండవది పనిని స్వీకరిస్తుంది. అయితే రెండూ సక్రమంగానే ఉండి, వాటి మధ్య కేబుల్ మాత్రమే తెగితే, ప్రతి సర్వరూ తానే ప్రధానమని భావించి రికార్డులో వేర్వేరు నమోదులు చేసే ప్రమాదం ఉంది. దీనిని నివారించేందుకు మూడవ యంత్రానికి నిర్ణాయక ఓటు ఇస్తారు. ఎస్‌ఏపీ వంటి వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో ఒక రికార్డును ఒకరు సవరిస్తుండగా మరొకరు సవరించకుండా తాళం పడుతుంది. ప్రధాన సర్వర్ ఆగిపోయినా ఆ తాళాల జాబితా చెరిగిపోకుండా దాని నకలును మరో సర్వర్‌లో ఉంచుతారు. భూముల రికార్డులలోనూ ఈ జాగ్రత్త అత్యవసరం. సర్వర్ మారే ఆ కొద్ది క్షణాల్లో ఒకే సర్వే నెంబరుపై రెండు లావాదేవీలు చొరబడరాదు.

అంకెలను పరిశీలిస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. 99.9 శాతం లభ్యత అంటే సంవత్సరానికి సుమారు 8 గంటల 45 నిమిషాల అంతరాయం. 99.99 శాతమైతే అది 53 నిమిషాలకు మించరాదు. 2021 జులై 9 రాత్రి 9 గంటల నుంచి 11 రాత్రి 9 గంటల వరకు తెలంగాణ రాష్ట్ర డేటా సెంటర్‌లో కొత్త యూపీఎస్ అమర్చేందుకు ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలను నిలిపివేశారు. ముందుగా ప్రకటించి, రెండవ శనివారం, ఆదివారం సెలవు దినాలను ఎంచుకోవడం వల్ల ప్రజలకు ఇబ్బంది తగ్గింది. అయినప్పటికీ ఆ 48 గంటలు 99.9 శాతం లెక్కన ఐదేళ్లకు పైగా అనుమతించే అంతరాయంతో సమానం. ఎన్ని సర్వర్లున్నా అవన్నీ ఒకే విద్యుత్ వ్యవస్థపై ఆధారపడితే అవి ఒకేసారి ఆగుతాయని ఈ అనుభవం తెలియజేస్తున్నది. రెండవ సర్వర్ వేరొక భవనంలో, వేరొక విద్యుత్ మార్గంపై ఉన్నప్పుడే దానికి సార్థకత చేకూరుతుంది.

డేటా సెంటర్ వెలుపల సైతం గొలుసు కొనసాగుతుంది. మండల కార్యాలయానికి వచ్చే ఫైబర్ లైను, వేలిముద్రల పరికరం, ఆధార్ ధ్రువీకరణ, బ్యాంకు చెల్లింపుల మార్గం - వీటిలో ఏది తెగినా కౌంటరు వద్ద నిలిచిన రైతుకు వినిపించే సమాధానం "సర్వర్ డౌన్" అన్న ఒక్క మాటే. సర్వర్ గది నివేదికలో మాత్రం ఆ రోజు నూరు శాతం లభ్యతగానే నమోదవుతుంది. కావున లభ్యతను కౌంటరు వద్ద, ఆగిపోయిన స్లాట్ల సంఖ్యతో కొలవవలసి ఉంటుంది.

మరొక అంశమూ గమనార్హం. క్లస్టర్ రికార్డును ఉన్నది ఉన్నట్లుగా రెండవ సర్వర్‌కు చేరవేస్తుంది. పట్టాదారు పేరుగానీ, విస్తీర్ణంగానీ తప్పుగా నమోదైతే ఆ తప్పు సైతం అంతే నమ్మకంగా చేరుతుంది. అందువల్ల తేదీలవారీగా విడిగా భద్రపరచిన బ్యాకప్‌లు, తప్పుల సవరణకు సులభమైన విధానం క్లస్టర్‌తో పాటే ఉండాలి.

ఈ నేపథ్యంలో కొనుగోలు దశలోనే అధికారులు కొన్ని నిబంధనలను ఒప్పందంలో పొందుపరచడం శ్రేయస్కరం. సెలవు దినాల్లో ప్రధాన సర్వర్‌ను ఉద్దేశపూర్వకంగా ఆపి, రెండవది ఎన్ని నిమిషాల్లో పని స్వీకరించిందో నమోదు చేయాలి. అంతరాయం వల్ల ఆగిన స్లాటును రుసుము లేకుండా మరుసటి పనిదినానికి మార్చే ఏర్పాటు ఉండాలి. గడువులతో చిక్కుకున్న పక్షాలకు అంతరాయాన్ని ధ్రువీకరించే పత్రం అందజేయాలి. పత్రికా ప్రతినిధులు సైతం ఎన్ని సర్వర్లు కొన్నారన్న ప్రశ్నతో పాటు, గత నెలలో ఎంతమంది పని పూర్తికాక వెనుదిరిగారన్న ప్రశ్న కూడా అడిగితే నిజమైన లభ్యత వెల్లడవుతుంది.