భీమా ఏజంటును ఎన్నుకొనుట

కూలివాని ఆస్తి వాని రెండు చేతులే. వర్షమును నమ్మి వేరుసెనగ పండించు తలుపుల ప్రాంతమున ఈ సంగతి ఎవ్వరికిని వేఱుగ బోధింప నక్కఱలేదు. ట్రాక్టరు తిరుగబడినను, బోరు మోటారువద్ద విద్యుత్తు తగిలినను, చేయియో కాలో పోయినవానితోపాటు వాని సంసారమంతయు కూలును. మరణమును తలచి భీమా చేయుదుము గాని, బ్రదికియుండి పనిచేయలేని దుర్దశను తలపము.

ఇందులకు మొదటి రక్షణము ప్రభుత్వ పథకమే. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి సురక్షా భీమా యోజనయందు 18 మొదలు 70 సంవత్సరముల వయస్సుగలిగి, బ్యాంకుయందో తపాలా కార్యాలయమందో ఖాతాగలవారు చేరవచ్చును. 2022 జూను నుండి ఏటి ప్రీమియము రు. 20. ప్రమాదముచే రెండు కన్నులుగాని, రెండు చేతులుగాని, రెండు కాళ్లుగాని శాశ్వతముగ పోయినచో రెండు లక్షల రూపాయలును, ఒక కన్నో, ఒక చేయియో, ఒక కాలో పోయినచో ఒక లక్షయు లభించును. దీనికి ఏజంటుతో పనిలేదు. ఈ యిరువది రూపాయల సంగతి చెప్పక తన పాలసీనే అమ్మజూచువానిని సందేహింపవలెను.

అయితే ఈ మొత్తము జీవితకాలమునకు చాలదు. అధిక రక్షణము కోరువారు ఏజంటు నాశ్రయింతురు. అతడు బంధువైనను, మన ఊరివాడైనను, వ్యవహారమున కంపెనీ పక్షమువాడే. అతనికి కమీషను నిచ్చునది కంపెనీయే. పూర్వపు జబ్బులు "లేవు" అని అతడు దరఖాస్తులో వ్రాసి మనచే వేలిముద్ర వేయించినచో, పరిహారమడిగిననాడు కంపెనీ ఆ "లేవు"నే మన యెదుట పెట్టును. మొగమాటముచే చేసిన సంతకమునకు న్యాయస్థానమున మన్నన లేదు.

కావున ఏజంటును నాలుగు ప్రశ్న లడుగవలెను. కంపెనీ యిచ్చిన నియామకపత్ర మేది? పాలసీ ప్రమాదములకు మాత్రమేనా, పక్షవాతమువంటి వ్యాధులవలని వైకల్యమునకు కూడనా? ఒక్క వ్రేలు పోయిన నేమి యిత్తురు? ఇంతకుముందు ఈ చుట్టుపట్ల ఎవరికి పరిహారము ఇప్పించితివి? కడపటి ప్రశ్నకు అతని నోటి మాట చాలదు. ఆ కుటుంబమును పోయి విచారింపవలెను. అమ్మిననాడు వచ్చువారు పలువురు. ఆసుపత్రికి వచ్చువాడే ఏజంటు.

తన కమీషనులో పాలిత్తునని ఆశపెట్టువాడు 1938 నాటి భీమా చట్టమును మొదటి అడుగుననే మీఱినవాడు. ఏజంటు వసూలుచేసిన ప్రీమియము సెలవులు పోను 24 గంటలలో కంపెనీకి చేర్పవలెనని ఆ చట్టమే విధించుచున్నది. రసీదు లేనిదే రూపాయి యియ్యరాదు. కంపెనీ న్యాయము చేయనిచో హైదరాబాదులోని భీమా అంబుడ్స్‌మనుకు రుసుము లేకయే ఫిర్యాదు చేసికొనవచ్చును.

చదువుకొన్న యువకులారా! మీ వీధిలో ఎవరైనను వేలిముద్ర వేయుటకు ముందు ఆ దరఖాస్తును తెలుగున చదివి వినిపింపుడు. అరగంట శ్రమ ఒక సంసారమును నిలుపును.