పన్ను రసీదులో మన పుస్తకాలు

హాస్టల్లో రాత్రిళ్లు రాజకీయాలు, సినిమాలు, నోటిఫికేషన్లు అన్నీ చర్చించుకుంటాం. నగరం ఖజానా సంగతి మాత్రం ఎత్తం. అది ఆఫీసర్ల గొడవ అనుకుంటాం. కానీ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే పరుగెత్తే మనకి, ఆ ఖజానాతో నేరుగా సంబంధం ఉంది మిత్రులారా!

నగరంలో మనం కట్టే డబ్బంతా ఒకే పెట్టెలో పడదు. నల్లా బిల్లు జలమండలికి పోతుంది, కార్పొరేషన్‌కి కాదు. హెచ్‌ఎండీఏ లెక్క వేరు. ఇళ్ల రిజిస్ట్రేషన్లలో స్థానిక సంస్థల వాటాని రిజిస్ట్రేషన్ శాఖ వసూలు చేసి తర్వాత పంపుతుంది. ఆస్తి పన్ను, ఇంటి ప్లాన్ ఫీజులు, ట్రేడ్ లైసెన్సుల సొమ్ము కార్పొరేషన్ మునిసిపల్ నిధిలో జమ అవుతుంది.

అయితే ఆస్తి పన్ను వెంట వచ్చే ఒక సొమ్ము కార్పొరేషన్‌ది కానే కాదు. అదే గ్రంథాలయ సెస్సు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేస్తారు. పదివేల పన్ను మీద 800 రూపాయలు! దీన్ని నగర గ్రంథాలయ సంస్థకి అప్పగించాలి. పుస్తకాలు, పత్రికలు, భవనాల ఖర్చు ఆ సంస్థ నిధి నుంచే. అంటే ఇక్కడ కార్పొరేషన్ పని వసూలు చేసి పెట్టడం వరకే.

మరి జరుగుతున్నదేమిటి? సెస్సు బకాయిలు పేరుకుపోయాయని ఏళ్ల తరబడి పత్రికలు రాస్తూనే ఉన్నాయి. జీతాలు, చెత్త, రోడ్లు, నాలాలు ముందు చూసుకోవాలి కదా అంటారు. ఆ ఇబ్బంది నిజమే, కాదనను. కానీ చిట్టీ నడిపేవాడు ఇంట్లో ఖర్చులున్నాయని పాట పాడినవాడి డబ్బు ఆపితే ఊరుకుంటామా?

పైగా డబ్బుని విడిగా ఉంచడం వాళ్లకి చేతకాక కాదు. 2018 ఫిబ్రవరిలో జీహెచ్‌ఎంసీ 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల బాండ్లు అమ్మింది. ఆ అప్పు తీర్చడానికి ఆస్తి పన్ను రాబడి ముందు ఒక ప్రత్యేక ఖాతాలో పడేలా, అప్పిచ్చినవాళ్ల వాటా పక్కన పెట్టాకే మిగతాది ఖర్చుకి వచ్చేలా ఏర్పాటు చేశారు. మదుపుదారులకి వేసిన ఆ తాళం విద్యార్థులకి ఎందుకు వేయరు? ఇంత కంప్యూటర్ కాలంలో పన్ను కట్టిన రోజే ఆ 8 పైసలు గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడేలా చేయడం బ్రహ్మవిద్యా?

ఆస్తి లేనివాళ్లం, మనకెందుకు అనకండి. లక్డీకాపూల్లో గది అద్దెకి తీసుకున్నవాడి అద్దెలో ఓనరు కట్టే పన్ను కూడా కలిసే ఉంటుంది. పైగా పోటీ పరీక్షల పుస్తకాలన్నీ కొనుక్కోగలిగినవాడికి లైబ్రరీ ఉన్నా లేకున్నా ఒకటే. మనకి అలా కాదు.

అందుకే నా సూచన. ఈ వార్షికోత్సవం అయ్యాక సీనియర్లు, జూనియర్లు కూర్చుని 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాద్దాం. గత ఐదేళ్లలో ఏటా సెస్సు ఎంత వసూలైంది? అందులో ఎంత, ఏ తేదీన గ్రంథాలయ సంస్థకి చేరింది? మిగిలినది ఏ ఖాతాలో ఉంది? ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబుని హాస్టల్ నోటీసు బోర్డులో అంటించే బాధ్యత నాది.