దూరం తర్వాత నేర్పుదామనే భ్రమ

చిన్నపిల్లలకు భూగోళం ఎలా నేర్పాలని అడిగితే అమెరికాలోనూ మన దగ్గరా ఒకటే జవాబు. ముందు ఇల్లు, తర్వాత బడి, ఆ తర్వాత ఊరు, రాష్ట్రం, దేశం. ప్రపంచం అన్నిటికన్నా చివర. మిషిగన్ రాష్ట్ర సాంఘికశాస్త్ర ప్రణాళిక అచ్చం ఈ వరసలోనే నడుస్తుంది. కిండర్‌గార్టెన్‌లో నేనూ ఇతరులూ, ఒకటిలో కుటుంబం, బడి, రెండులో ఊరు, మూడులో మిషిగన్, నాలుగులో అమెరికా. ప్రపంచ భూగోళం ఆరో తరగతి మాట. మా తరం తెలుగు బళ్ళలో ఎక్కిన మెట్లూ దాదాపు ఇవే: మూడులో జిల్లా, నాలుగులో రాష్ట్రం, ఐదులో దేశం. ఇంతమంది ఒప్పుకున్న మాట కాబట్టి దీన్ని ఎవరూ తరచి చూడరు. దగ్గరిది తేలిక, దూరానిది కష్టం అన్న ఈ సూత్రం తప్పని నా వాదన. ఇక్కడ, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో పెరుగుతున్న తెలుగు పిల్లల విషయంలో మరీ తప్పు.

ఇక్కడి తెలుగిళ్ళలో వేసవి రాత్రి తొమ్మిదింటికి ఏం జరుగుతుందో చూడండి. రెండో తరగతి పిల్ల పళ్ళు తోముకుని, ఫోన్ పట్టుకుని మంచమెక్కుతుంది. అవతల గుంటూరులో అమ్మమ్మ వరండాలో పాల ప్యాకెట్టు కత్తిరిస్తూ ఉంటుంది. "అమ్మమ్మా, నువ్వింకా పడుకోలేదా?" "ఇప్పుడే లేచానే తల్లీ, ఆరున్నరైంది." పిల్ల కిటికీ వైపు చూస్తుంది. బయట చీకటి పడుతోంది. ఫోన్‌లో ఎండ. నవంబరులో ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పాక అదే తొమ్మిదింటికి అమ్మమ్మకు ఏడున్నర అవుతుంది. ఆవిడ కాఫీ తాగేసి పూజకు పూలు కోస్తూ కనిపిస్తుంది. అమ్మమ్మ గడియారాన్ని ఎవరు మార్చారని పిల్ల అడుగుతుంది.

భూగోళశాస్త్రానికి ఇంతకన్నా మంచి ప్రశ్న ఏముంది? బడి దీనికి ఏమంటుంది? పగటివేళ ఏ కాలంలో ఎంతుంటుందో గమనించమని ఒకటో తరగతిలోనే చెబుతారు. గ్లోబు చూపించి నేల ఏది, నీళ్ళేవి అని కూడా అడుగుతారు. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల రాత్రీ పగలూ వస్తాయన్న కారణాన్ని మాత్రం సైన్సు ప్రణాళిక ఐదో తరగతికి పెట్టింది. అంటే ఏడేళ్ళకు అడిగిన ప్రశ్నకు పదేళ్ళకు జవాబు. అప్పటికి ఆ పిల్ల అడగడం మానేసి ఉంటుంది.

ఈ మెట్ల పద్ధతికి అమెరికాలో పెద్ద ప్రచారకుడు స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన పాల్ హన్నా. 1930ల నుంచి ఆయనా, ఆయన బాటలో పాఠ్యపుస్తకాలు రాసినవాళ్ళూ దీన్ని స్థిరపరిచారు. చరిత్రకారిణి డయాన్ రావిచ్ 1987లో దీన్ని గట్టిగానే విమర్శించింది. పిల్లలకు ముందే తెలిసిన సంగతులను తిరిగి పాఠంగా చెప్పి విసుగెత్తిస్తున్నారని ఆమె ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో నిజముంది. పోస్టాఫీసు ఉత్తరాలు తెస్తుంది, ఫైరింజను మంటలార్పుతుంది అని ఏడేళ్ళవాడికి ఎవరైనా వారం రోజులు చెప్పాలా?

తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్ళాలి కదా అంటారు. వెళ్ళాలి, కాదనను. తెలిసినదంటే పక్కనున్నదే అనుకోవడం దగ్గర వస్తుంది చిక్కు. నాలుగేళ్ళ మనవడికి రామాయణం చెప్పే మామ్మ ముందు మన వీధి, తర్వాత మన మండలం అని మొదలుపెట్టదు. అయోధ్యలో ఎత్తుకుంటుంది, గంగ దాటిస్తుంది, దండకారణ్యం తిప్పుతుంది, కిష్కింధ చూపించి సముద్రం దాటించి లంకలో దింపుతుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక దేశమంత ప్రయాణం అది. వాడు ఒక్కచోట కూడా తికమకపడడు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందంటే నోరు తెరుచుకుని వింటాడు. దూరం పిల్లలను భయపెట్టదు. ప్రణాళికలు రాసే పెద్దల సంగతి చెప్పలేను.

సూత్రంలో రెండో సగం, దగ్గరిది తేలిక అన్నది, ఇంకా పెద్ద పొరపాటు. ఫార్మింగ్టన్ హిల్స్‌నే తీసుకుందాం. పిల్లలు రోజూ 12 మైల్ రోడ్ దాటి బడికి వెళతారు. ఆ 12 ఏమిటి? డిట్రాయిట్ నడిబొడ్డు నుంచి ఉత్తరానికి లెక్కపెట్టిన మైళ్ళు. ఊరికి దక్షిణపు హద్దు 8 మైల్ రోడ్, ఉత్తరపు హద్దు 14 మైల్ రోడ్. తూర్పున ఇంక్‌స్టర్, పడమర హాగర్టీ, మధ్య మళ్ళీ ఆరు మైళ్ళే. నడుమనున్న ఫార్మింగ్టన్ పట్టణాన్ని కలుపుకుంటే ఊరు ఆరుకు ఆరు మైళ్ళ చదరం. కొత్త భూములను ఇలా ఆరేసి మైళ్ళ గళ్ళుగా కోయాలని 1785లో అమెరికా చట్టం చేసింది. మిషిగన్ కొలతలు 1815లో మొదలయ్యాయి. ఆ కొలతకు అడ్డంగా గీసిన మూలరేఖ మీదే ఈ ప్రాంతపు 8 మైల్ రోడ్ ఉంది. ఆ గళ్ళను పట్టించుకోకుండా ఏటవాలుగా పోయే గ్రాండ్ రివర్ రోడ్డేమో, కొలతగాళ్ళు రాకముందు మూలవాసులు నడిచిన బాట. పిల్లవాడి చేతికి ఊరి పటమిచ్చి, వంకరగా పోయే రోడ్డేదో కనిపెట్టమనండి. రెండు నిమిషాల్లో వేలు పెడతాడు. ఎందుకు వంకర అని వాడు అడిగాడంటే మీ ముందు రెండు వందల ఏళ్ళ చరిత్ర, డిట్రాయిట్, ఒక దేశపు చట్టం వచ్చి కూర్చుంటాయి. పక్కవీధి అర్థం కావాలంటే దూరం వెళ్ళి రావలసిందే.

హెరిటేజ్ పార్కులో పారే వాగూ అంతే. అది రూజ్ నదికి పై పాయ. కిందికి పోయి డియర్‌బోర్న్‌లో ఫోర్డ్ వారి రూజ్ కర్మాగారం పక్కనుంచి డిట్రాయిట్ నదిలో కలుస్తుంది. అక్కణ్ణుంచి ఈరీ సరస్సు, నయాగరా, ఒంటారియో సరస్సు, సెయింట్ లారెన్స్, అట్లాంటిక్. ఈ ఊళ్ళో ఫోర్డ్‌లో పనిచేసే నాన్నలకు కొదవలేదు. నాన్న ఆఫీసు వైపు పోయే నీళ్ళివి అంటే ఏ పిల్ల వినదు? 1969లో ఆ రూజ్ నది మీద తేలుతున్న నూనెకు నిప్పంటుకుని నది తగలబడింది అని చెబితే ఇక ఆ పూట భోజనం కూడా అడగరు. తెలుగు బళ్ళలో కృష్ణా నదిని మాత్రం మనం ముక్కగానే నేర్పాం. జిల్లా పటంలో కృష్ణ ఒక గీత దగ్గర పుట్టి ఇంకో గీత దగ్గర మాయమవుతుంది. నది నిజంగా పుట్టే మహాబలేశ్వరం సంగతి పై తరగతికి వెళ్ళేదాకా ఆగాలి. పోనీ ఆ గీతలైనా నిలిచాయా? 2022లో పాత గుంటూరు జిల్లా గీతలే చెరిగిపోయాయి.

ప్రపంచాన్ని బడి ఖాళీగా వదిలేస్తే మన తల్లిదండ్రులు ఆ ఖాళీని రాజధానులతో నింపుతున్నారు. అమెరికా బడిపిల్లల భూగోళ పోటీ నేషనల్ జియోగ్రాఫిక్ బీ 1989లో మొదలైంది. 2012 నుంచి ఆఖరిసారి జరిగిన 2019 దాకా వరసగా గెలిచినవాళ్ళంతా భారతీయ సంతతి పిల్లలే. ఆ పిల్లల తెలివినీ శ్రమనూ తక్కువ చేయను. కానీ దాని నీడలో ఒక ఇంటి ఆట పుట్టింది: చుట్టాలొచ్చినప్పుడు ఆరేళ్ళవాణ్ణి నిలబెట్టి "బుర్కినా ఫాసో రాజధాని చెప్పు నాన్నా" అనడం. వాడు వాగడూగూ అంటాడు, అందరూ చప్పట్లు కొడతారు. అక్కడ వాన పడుతుందా, ఆ ఊరి పిల్లలు ఏం తింటారు అన్న ప్రశ్న ఎవరికీ రాదు. ఇది కూడా దూరాన్ని నేర్పడం కాదు.

గుంటూరుకు ఎనిమిది వేల మైళ్ళంటే ఏడేళ్ళ పిల్లకు ఏం తెలుస్తుందని అడిగేవాళ్ళకు ఒక మాట. ఆరు మైళ్ళు మాత్రం తెలుస్తుందా, కారు వెనక సీట్లో ఐప్యాడ్ చూస్తూ పోయే పిల్లకు? కొలత ఏ వయసులోనూ ఒక్కసారిగా అబ్బదు. పదేపదే వింటూ, గీస్తూ, తిరుగుతూ ఉంటేనే వస్తుంది. అందుకే మొదటి ఏడాది నుంచి దగ్గరా దూరమూ రెండూ కలిపి చెప్పాలి.

ఈసారి టీచరుతో మాట్లాడే రోజున లెక్కల మార్కులతో పాటు ఇదీ అడగండి: రెండో తరగతి గదిలో గ్లోబుతో, టార్చిలైటుతో ఒక గంట పాఠం పెట్టగలరా? ఒప్పుకుంటే ఆ గంటలో గుంటూరు అమ్మమ్మకు మీరే వీడియో కాల్ కలపండి. నవంబరులో గడియారాలు మార్చకముందైతే, ఇక్కడ పగలు పదిన్నరకు అక్కడ రాత్రి ఎనిమిది. అమ్మమ్మలు ఇంకా మెలకువగానే ఉంటారు.