ఆదేశాలు సరే, నిద్ర ఏదీ?
వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో సైకాలజిస్టో ఉండాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం వీలైనంత వరకు మానాలని సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన ఆదేశాలు స్వాగతించదగినవి. విశాఖలో నీట్‌కు సిద్ధమవుతున్న బాలిక మృతి కేసులోనే అవి వెలువడినందున, అమలులో తెలుగు రాష్ట్రాలే ముందుండాలి. అయితే ఒక నియామకంతో బాధ్యత తీరదు. ఎందుకంటే మెదడులో భయానికి, కోపానికి తక్షణం స్పందించే అమిగ్డలా అనే భాగం కౌమారంలో మహా చురుకు. దాన్ని అదుపుచేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఎదుగుదల పాతికేళ్ల దాకా సాగుతుంది. పసితనంలో ఆ లోటును తల్లి సన్నిధి పూడుస్తుంది. పెద్ద వయసులో అనుభవం నిగ్రహాన్నిస్తుంది. ఈ రెండు ఆసరాలూ నిండుగా అందని పదహారు, పదిహేడేళ్ల ప్రాయంలోనే పిల్లలను హాస్టళ్లకు పంపి, తెల్లవారుజాము నుంచి రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లతో నిద్రకు కోత పెడుతున్నాం. నిద్ర చాలకపోతే మెదడులోని ఆ రెండు భాగాల సమన్వయం సడలుతుందని ప్రయోగాల్లో తేలింది. అంటే, ఒత్తిడిని తట్టుకునే శక్తిని హరించి, ఆపై తట్టుకోలేదని పిల్లలను నిందిస్తున్నామన్నమాట. కళాశాలలకు గుర్తింపు ఇచ్చేటప్పుడు ఇంటర్మీడియట్ బోర్డులు హాస్టల్ దినచర్యనూ పరిశీలించాలి. ఎనిమిది గంటల నిద్ర, రోజూ ఆటలు, ఇంటివారితో మాట్లాడే వీలు తప్పనిసరి చేయాలి. విద్యార్థి చెప్పుకున్న గోడు యాజమాన్యం చెవిన పడకుండా కౌన్సెలర్‌కు రక్షణ కల్పించాలి. నిబంధనలు పదేపదే మీరే సంస్థల గుర్తింపు రద్దుకు ప్రభుత్వాలు వెనుకాడితే ఈ ఆదేశాలు కాగితాలకే పరిమితమవుతాయి.