సబ్బు నేర్పారు, లైసెన్సు మరిచారు

అమలాపురం: అప్పులపాలైన ఇంటిని మళ్లీ నిలబెట్టే భారం గోదావరి పల్లెల్లో చాలావరకు ఆ ఇంటి ఇల్లాలి మీదే పడుతోంది. మక్తాకు చేసిన సార్వా నీట మునిగినా, రొయ్యల చెరువుకు తెల్లమచ్చ తెగులు తగిలినా, సంపాదించే మనిషి మంచాన పడినా ముందుగా తాకట్టుకు వెళ్లేది ఆమె మెడలోని బంగారమే. ఆ తరువాత డ్వాక్రా అప్పు, దాని మీద వారం వారం కట్టే ఫైనాన్సు అప్పు, చివరకు ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ. ఇవన్నీ అయ్యాక ఆమెకు మిగిలేవి రెండే దారులు. ఒకటి, పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి పోవడం. రెండోది, ఇంటిపట్టునే ఏదో ఒకటి చేసి అమ్ముకోవడం.

ఈ రెండో దారి పట్టినవారిలో కొబ్బరినూనె సబ్బులు, సున్నిపిండి, కుంకుడుపొడి, తలనూనె చేసేవారు కొందరు. మెచ్చుకోదగిన ప్రయత్నమే. నేర్పేవారికీ కొదవ లేదు. నాలుగు రోజులు శిక్షణ ఇస్తారు. ఆఖరి రోజున సర్టిఫికెట్లు పంచి ఫొటో తీయించుకుంటారు. అయితే ఆ సబ్బును పదిమందికి అమ్మాలంటే ప్రభుత్వ లైసెన్సు కావాలన్న ముక్క చెప్పేవారు తక్కువ. దాన్ని ఇప్పించేవారు అంతకన్నా తక్కువ. కష్టంలో ఉన్న మనిషిని పడవ ఎక్కించి నడిగోదావరిలో దింపేసినట్టుంది ఈ సాయం.

ముడిసరుకు ముంగిట్లోనే

ఈ పనికి కావలసిన సరుకు కోసం ఎక్కడికో పోనక్కరలేదు. కోనసీమ అంటేనే కొబ్బరి. అంబాజీపేటలో కొబ్బరి మార్కెట్టు ఉంది, కొబ్బరి పరిశోధన చేసే కేంద్రమూ ఉంది. కురిడీ కొబ్బరికి, నూనెకు ఆ ఊరి పేరు తెలియని వ్యాపారి లేడు. పైనున్న రంపచోడవరం మన్యం నుంచి కుంకుడుకాయలు, సీకాయ, ఇప్పగింజలు వస్తాయి. మినుములు, పెసలు డెల్టా పొలాల్లో పండేవే.

పనితనమూ కొత్తది కాదు. పసిపిల్లకు నూనె రాసి నలుగు పెట్టి నీళ్లు పోయడం తెలియని అమ్మమ్మ గోదావరి తీరాన ఉండదు. పెసరపిండిలో కస్తూరి పసుపు ఎంత, బావంచాలు ఎన్ని, వట్టివేళ్లు ఎండబెట్టి దంచాలా వేయించి దంచాలా అన్నది ఆమె నోటి లెక్క. సంక్రాంతికి, పెళ్లికి, పురిటికి ఈ పిండి కొట్టని ఇల్లు ఒకప్పుడు లేదు. ఇప్పుడు అదే పిండి పట్నంలో రంగు డబ్బాల్లో వందల రూపాయలకు అమ్ముడవుతోంది.

త్రాసు లేనిదే సబ్బు లేదు

సున్నిపిండికి చేతి అంచనా సరిపోతుంది కానీ సబ్బుకు చాలదు. సబ్బు అంటే నూనె, కాస్టిక్ సోడా కలిసి మారిన పదార్థం. కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బుగా మారడానికి సుమారు 180 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. సోడా ఎక్కువైతే ఒళ్లు మండుతుంది, మరీ తక్కువైతే సబ్బు గట్టిపడక జిడ్డుగా మిగులుతుంది. అందుకే కాస్త నూనె మిగిలేలా సోడాను కొద్దిగా తగ్గించి వేస్తారు. గ్రాముల్లో తూచే త్రాసు లేకుండా ఈ పనికి దిగడం ప్రమాదం.

మరికొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. సోడాను నీళ్లలో వేయాలే గాని, నీళ్లను సోడా మీద పోయకూడదు. పోస్తే ఒక్కసారిగా కాగి ముఖం మీదకు చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె పనికిరాదు, సోడా దాన్ని తినేస్తుంది. స్టీలు గిన్నె వాడాలి. చేతికి తొడుగు, కంటికి అద్దాలు ఉండాలి, పిల్లలు ఆ గదిలోకి రాకూడదు. అచ్చు పోసిన సబ్బును నాలుగు నుంచి ఆరు వారాలు గాలికి ఆరనివ్వాలి. కూలి డబ్బు కోసం ఎదురుచూసే ఇంటికి ఈ ఆరు వారాలు చాలా పెద్దవి. శిక్షణలో ఈ మాట ముందే చెప్పాలి.

ఇక లెక్క చూద్దాం. కిలో నూనెకు ఆరిన సబ్బులు, ఒక్కొక్కటి 100 గ్రాములైతే, సుమారు 13 వస్తాయి. కిలో నూనె 400 రూపాయలనుకుంటే ఒక్కో సబ్బుకు నూనె ఖర్చే 30 రూపాయలు దాటుతుంది. సోడా, సువాసన, కాగితం, ఆటో కిరాయి, ఆమె కష్టం వేరు. కంపెనీ సబ్బేమో ఊళ్లో కొట్టునే 30, 40 రూపాయలకు దొరుకుతోంది. పైగా 2025లో కొబ్బరి ధర ఎలా ఎగబాకిందో కోనసీమ వాసులకు తెలియనిది కాదు. రైతుకు ఆ ఏడు చేతినిండా డబ్బు వస్తే, నూనె కొనుక్కునే సబ్బుల మనిషికి చెయ్యి కాలింది. కాబట్టి ధరలో కంపెనీతో పోటీ పడటం ఆమె వల్ల కాదు. సరుకు మంచిదన్న నమ్మకం మీదే ఆమె అమ్ముకోవాలి. ఆ నమ్మకానికి నలుగురిలో చూపించగల రుజువు లైసెన్సు నంబరు.

చట్టం ఏమంటోంది?

1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టంలో మొదట సబ్బును మినహాయించారు. 1982లో చేసిన సవరణతో ఆ మినహాయింపు పోయింది. 2020 డిసెంబరులో సౌందర్య సాధనాలకు విడిగా నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం సబ్బుగాని, ఒంటికి రాసే క్రీముగాని, తలనూనెగాని అమ్మకానికి తయారు చేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు తప్పనిసరి. దానికి తగిన గది, శుభ్రత, పరీక్షల ఏర్పాటు, రసాయనశాస్త్రమో ఫార్మసీయో చదివిన మనిషి పర్యవేక్షణ ఉండాలి. డబ్బా మీద తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ వేయాలి. ఆయుర్వేద సబ్బు అని పేరు పెడితే దానికి ఆయుర్వేద మందుల లైసెన్సు వేరే ఉంది.

రెండు గదుల పెంకుటింట్లో, పొయ్యి పక్కనే పిల్లలు చదువుకునే చోట ఈ నిబంధనలు నెరవేరేదెలా? నెరవేరవు. అందుకే చాలామంది లైసెన్సు ఊసెత్తకుండానే అమ్ముతారు. చుట్టాలకు, పక్క వీధికి, సెల్‌ఫోన్‌లో బొమ్మ చూసి అడిగినవారికి. ‘‘అక్కా, ఇంకో రెండు సబ్బులు ఉంచు’’ అన్న మాట విన్నంతకాలం బాగానే ఉంటుంది. ఎవరికైనా ఒంటిమీద దద్దుర్లు లేచి, వారు ఫిర్యాదు చేసిన నాడు ఆమె పక్కన నిలబడేవారు ఉండరు. నేర్పిన సంస్థ అప్పటికి మరో మండలంలో ఫొటో తీయించుకుంటూ ఉంటుంది.

నాలుగు సబ్బులు చేసుకునే పేదరాలికి కూడా ఇంత చట్టమా అని కొందరు అనవచ్చు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ చర్మానికి రాసే సరుకు విషయంలో చట్టం ఉత్తినే పుట్టలేదు. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో తెల్లబడే క్రీములు రాసుకున్నవారికి మూత్రపిండాల జబ్బు రావడాన్ని వైద్యులు గుర్తించారు. ఆ క్రీముల్లోని పాదరసమే కారణమని తేల్చారు. పేరూ ఊరూ లేని అటువంటి డబ్బాలు అన్ని సంతల్లోకీ వస్తాయి. ఇంటి సబ్బు చేసే ఆడమనిషిని ఆ డబ్బాల వ్యాపారిని ఒకే గాటన కట్టకుండా కాపాడేది కూడా లైసెన్సే. కనుక చట్టాన్ని ఎత్తివేయమనడం సరికాదు. చట్టానికి లోబడి బతికే వీలు ఆమెకు కల్పించమనడం న్యాయం.

లేసు నేర్పిన పాఠం

ఇంటిపట్టున చేసే పని గోదావరి జిల్లాలకు కొత్త కాదు. నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల ఆడవారు 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చిన లేసు అల్లిక దేశదేశాలకు పోయింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఈ లేసు పనివారి మీద 1982లో ఒక పుస్తకమే ప్రచురించారు. రోజంతా అల్లినా వారిని కార్మికులుగా ఎవరూ లెక్కించలేదని, తీరిక వేళ కాలక్షేపానికి అల్లే గృహిణులుగానే చూశారని, అందుకే కూలి అడుగున ఉండిపోయి లాభం వ్యాపారుల పాలైందని ఆమె చెప్పారు. నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు 2024లో వచ్చింది. అప్పటికి ఎన్ని తరాల వేళ్లు ఆ సూది మీద అరిగాయో!

సబ్బుల పనికి కూడా అదే గతి పట్టే ప్రమాదం ఉంది. లైసెన్సు లేని మనిషి తన పేరుతో అమ్ముకోలేదు. లైసెన్సు ఉన్న పట్నం వ్యాపారి వచ్చి, చేసిపెట్టమ్మా, కిలోకు ఇంత ఇస్తానంటాడు. ముద్ర అతనిది, లాభం అతనిది, చేతులు కాలేది ఈమెవి.

ఇంటి పొయ్యి మీద మొదలై పెద్దవైన వ్యాపారాలు లేకపోలేదు. మద్రాసులో రైల్వే వైద్యుడైన వి.పి. సిద్ధన్ చర్మవ్యాధులున్న కార్మికుల కోసం భార్య సాయంతో ఇంట్లో చేసిన సబ్బే 1969లో మెడిమిక్స్ అయింది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత సభల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. ఆ సొమ్ముతోనే తరువాత ఆంధ్రపత్రిక నడిచింది. అయితే వారికి చదువు, పలుకుబడి, పట్నం ఉన్నాయి. పల్లెలో అప్పుల్లో ఉన్న ఇల్లాలికి అవి లేవు. ఆమెకు కావలసింది ఊరుమ్మడి ఆసరా.

అప్పు మీద అప్పు వద్దు

మరో మాట. పాత అప్పు తీర్చడానికి మొదలుపెట్టే పనికి మళ్లీ వారం వడ్డీ అప్పు తేవడం మునిగే పడవలో ఇంకో మనిషిని ఎక్కించడమే. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడికి ఎన్ని ఇళ్లు కూలాయో, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు ఎందుకు తేవలసి వచ్చిందో పల్లెలు మరిచిపోలేదు. సబ్బు ఆరడానికి ఆరు వారాలు పడుతుంటే, కిస్తీ మాత్రం మొదటి వారమే తలుపు తడుతుంది.

కాబట్టి మొదట సున్నిపిండి, కుంకుడుపొడి వంటి ఎండు సరుకులే నయం. నీరు తగలనంతకాలం అవి బూజు పట్టవు, పెట్టుబడీ తక్కువ. కలబంద గుజ్జుతో చేసే క్రీముల జోలికి మొదటే పోరాదు. నిల్వ మందు లేకుంటే నాలుగు రోజుల్లో చెడతాయి. ఎండు సరుకైనా ఒంటికి రాసేదే కనుక అమ్మకానికి నిబంధనలు దానికీ వర్తిస్తాయి. కొంత నిలదొక్కుకున్నాక బ్యాంకుకు పోవచ్చు. 2015లో వచ్చిన ముద్ర పథకంలో శిశు రుణం 50 వేల రూపాయల వరకు హామీ లేకుండా ఇవ్వాలి. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో పల్లె మహిళకు 35 శాతం సబ్సిడీ రాసి ఉంది. కాగితం మీద ఉన్నదాన్ని బ్యాంకు కిటికీ దగ్గరకు తేవడం అధికారుల పని.

మండలానికొక షెడ్డు

దీనికి పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. మండలానికి ఒక ఉమ్మడి షెడ్డు ఉంటే చాలు. మహిళా మండల సమాఖ్య పేరున లైసెన్సు తీసుకోవాలి. నిరుపయోగంగా పడి ఉన్న ప్రభుత్వ భవనాన్ని బాగుచేసి స్టీలు పాత్రలు, మంచి త్రాసులు, ఆరబెట్టే అరలు పెట్టాలి. రసాయనశాస్త్రంలో డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న యువతికి పర్యవేక్షణ అప్పగిస్తే ఆమెకూ ఒక ఉద్యోగం. పిండి ఇంట్లో ఎండబెట్టుకున్నా, కలపడం, అచ్చు పోయడం, తూచి కట్టడం అక్కడ జరుగుతుంది.

2020 నిబంధనల్లోనే ఇందుకు వీలుంది. లైసెన్సు ఉన్నవారి వసతిని వాడుకుని మరొకరు తమ పేరున సరుకు తయారు చేసుకునేందుకు ‘లోన్ లైసెన్సు’ అనేది ఇస్తారు. ఇది అప్పు కాదు, ఒకరి వసతిని మరొకరు వాడుకునే అనుమతి. షెడ్డు సమాఖ్యది, సబ్బు మీద పేరు ఆమెది. సంప్రదాయ పరిశ్రమల్లో ఉమ్మడి వసతి కేంద్రాల కోసమే కేంద్రం 2005లో స్ఫూర్తి పథకం ప్రారంభించింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన్యం సరుకు కొని, సబ్బులను సొంత పేరుతో మార్కెట్లో పెట్టగలిగింది. కొండ మీద సాధ్యమైనది డెల్టాలో ఎందుకు సాధ్యం కాదు?

ఇకనైనా శిక్షణ ఇచ్చేవారు తొలిరోజే లైసెన్సు సంగతి చెప్పాలి. ఔషధ నియంత్రణ అధికారులు తనిఖీకి వచ్చేముందు ఒకసారి మండల సమాఖ్య సమావేశానికి వచ్చి వివరించాలి. ఇప్పటి గోదావరి జిల్లాల కలెక్టర్లు ఒక్కో మండలంలోనైనా ఇటువంటి షెడ్డు తెరిపించి చూడాలి. ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్న లెక్క పక్కన, వారిలో ఎంతమంది ఏడాది తరువాత కూడా సరుకు అమ్ముతున్నారన్న లెక్క కూడా రాయించాలి.

ఒక సబ్బుతో అప్పులన్నీ తీరిపోతాయని ఎవరూ చెప్పడం లేదు. అయితే పిల్లల్ని వదిలి విమానం ఎక్కకుండా, వెలిసిన తాళి మళ్లీ తాకట్టు పెట్టకుండా, దొంగచాటుగా కాక తన పేరు రాసిన కాగితంలో తన సరుకు చుట్టి అమ్ముకునే అవకాశం ఆమెకు దక్కాలి. అధికారులు తలచుకుంటే వచ్చే సంక్రాంతి నలుగు నాటికే ఇది సాధ్యం.